హెలెన్‌తో నేనాడిన అబద్ధం

జులై 9
కర్టెన్లన్నీ వేసేశాను. లహరికి వెలుతురు పడటం లేదు. ఫోన్ వద్దు, టీవీ వద్దు, పుస్తకం వద్దు... మూడు నెలలు మంచు మీదికి వెళ్లొద్దు, స్నోబోర్డ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టర్. ఫైనల్లో పడ్డప్పుడు మెదడు అదిరిందట. రెండేళ్లుగా దేశానికి చాంపియన్ నా కూతురు, పంతొమ్మిదేళ్లది. ఇవాళ బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచింది.

హాస్పిటల్లో కోచ్ హెలెన్ అడిగింది, ముందే తలనొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదని. "మై ఫాల్ట్" అంది లహరి. నేను పక్కనే ఫ్లాస్క్ పట్టుకుని నిలబడ్డాను.

జులై 10
దాని తప్పు కాదు. నాది. ఇక్కడైనా రాసుకోకపోతే చస్తాను.

ఫైనల్‌కి నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో పడింది. సాయంత్రానికి తల పగిలిపోతోందంది. హెలెన్‌కి చెప్పేద్దామా అని అదే అడిగింది. చెబితే ఆపేస్తారే, శొంఠి పట్టు వేస్తాను, పొద్దుటికి తగ్గిపోతుంది అన్నాను. పోటీలు జరిగే వనాకాలో మోటెల్‌కి శొంఠి కొమ్ము, సానరాయి వెంటబెట్టుకెళ్లిన ఘనురాలిని. అరగదీసి నుదుటికి పట్టించాను. మర్నాడు హెలెన్ ఫోన్. పడ్డాక డల్‌గా ఉంది, తలనొప్పేమైనా ఉందా? లేదు లేదు, నెలసరి నొప్పి, అంతే... ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి.

జులై 13
ఇవాళే ఆక్లాండ్‌లో లహరికి మన తెలుగువాళ్ల సన్మానం ఉండాల్సింది. హాలు బుక్ చేశారు. ఫ్లెక్సీ కూడా ముందే కొట్టించేశారు — 'ముచ్చటగా మూడోసారి చాంపియన్'. ఫోటో పంపింది నేనే. ఆలు లేదు చూలు లేదు... ఆ సామెత నాకోసమే పుట్టినట్టుంది. ఆ ఫ్లెక్సీ కోసమే దాన్ని కొండ ఎక్కించాను.

జులై 21
ఆయన: "ఆటన్నాక దెబ్బలు మామూలే, నువ్వేం చేస్తావే." ఆయనకీ చెప్పలేదు.

ఆగస్టు 6
లెటర్‌బాక్స్ దాకా వెళ్లి తిరిగొచ్చింది. వాంతి. కాసేపు మెట్టు మీద కూర్చుంది. "ఎగైన్" అని లేచింది. పదిహేనేళ్లప్పుడు మణికట్టు విరిగినా ఇంతే... ఎడమచేత్తో బూట్లు బిగించుకోవడం నేర్చుకుని మళ్లీ మంచులోకి దిగింది. అప్పుడు ఆ మొండితనం చూసి మురిసిపోయాను. ఇప్పుడు చూడలేక లోపలికొచ్చి గిన్నెలు తోమాను.

ఆగస్టు 29
ఒంటికాలి మీద నిమిషం నిలబడింది. నవ్వింది. నేను వెళ్లి మిగిలిన శొంఠి కొమ్ము చెత్తబుట్టలో పడేశాను.

సెప్టెంబరు 16
హెలెన్ వచ్చింది, టౌరంగాలో మా ఇంటికే. కోలుకుంటున్నందుకు సంతోషం అంది. కానీ వచ్చే సీజన్ జట్టులోకి తీసుకోలేదట. నా దగ్గర దాచే పిల్లని కొండ మీద ఎలా నిలబెట్టను అంది. మళ్లీ అలాంటి దెబ్బే తగిలితే ప్రాణానికే... లహరి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. నేను టీ పోశాను.

సెప్టెంబరు 17
ఫోన్ చేసి చెప్పేశాను. శొంఠి, నెలసరి, సన్మానం, అంతా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి ఒకటే అడిగింది. మళ్లీ దెబ్బ తగిలి మీరు చెప్పొద్దంటే, అప్పుడైనా లహరి నాకు చెబుతుందా? నేనడిగితే యెస్ అనే అంటుంది, మీరే అడగండి. చెబుతానంటే తీసుకుంటాను. శుక్రవారం ఫోన్ చేస్తాను...

సెప్టెంబరు 18
అడిగాను. ముందు కోపం వచ్చింది దానికి, నన్నడక్కుండా ఎందుకు చెప్పావని. తర్వాత చల్లబడింది.

"నువ్వు చెప్పొద్దంటేనా?"

చేతిలో కప్పు కింద పెట్టింది.

"ఐ డోంట్ నో, అమ్మా."

అమ్మ మాట దాటకూడదనే కదా ఇన్నేళ్లూ పెంచాను.

రేపే శుక్రవారం. హెలెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాలా... చెబుతానందని చెప్పేయాలా.