గొలుసుతో పైకి కట్టేసిన వెనుక చక్రాల గురించి

గౌరవనీయులైన మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మదనపల్లె.

పుంగనూరు వాస్తవ్యుడు, బస్సు డ్రైవరు వరదరాజులు సమర్పించుకొను మనవి.

విషయం: నిన్నటి దాకా నేను తోలిన బస్సునే తాము పట్టుకొని నిలిపివేయవలెనని కోరుట గురించి.

అయ్యా,

1. మా యజమాని ప్రతాప్ గారికి ఒక పాత కోచ్ బస్సు కలదు. బెంగళూరులో దూర ప్రయాణాలకు తిరిగి తిరిగి ముసలిదైన పిమ్మట దానిని ఇక్కడికి తెచ్చినారు. మదనపల్లె, పుంగనూరు ఆడవాళ్ళను సోమవారం ఉదయం కుప్పం దగ్గరి బట్టల ఫ్యాక్టరీకి చేర్చుట, శనివారం సాయంత్రం ఇండ్లకు తెచ్చుట దాని పని. ఆ ఆడవాళ్ళలో నా భార్య మంగమ్మ కూడా ఉన్నదని తమకు ముందుగానే విన్నవించుకొనుచున్నాను.

2. సదరు బస్సుకు ఇంజను లాగే చక్రాల వెనుక మరొక జత చక్రాలు కలవు. వాటిని ట్యాగ్ యాక్సిల్ అందురు. అవి బండిని లాగవు, బరువు మోస్తాయి, బ్రేకు పట్టుకుంటాయి. బురదలో దిగబడినప్పుడు వాటిని కాసేపు పైకి లేపుకోవచ్చు. అప్పుడు బరువంతా ఇంజను లాగే జత మీద పడి ఆ చక్రాలకు పట్టు దొరుకుతుంది. బండి కదిలిన వెంటనే మళ్ళీ దించవలెను. తమకు తెలియనిది కాదు. అయినా ఎవరికో ఒకరికి చెప్పకుంటే నా మనసు ఊరుకునేటట్లు లేదు.

3. ఆ చక్రాలను మోసే ఎయిర్ బెలూన్లు, అనగా గాలి నింపే రబ్బరు సంచులు, పగుళ్ళిచ్చి గాలి నిలపడం లేదు. కొత్తవి వేయించమని, బేరింగులకు గ్రీజు పెట్టించి ఆ బ్రేకులు కూడా చూపించమని యజమానిని పలుమార్లు కోరితిని. ఆయన చక్రాలను పైకి లేపించి, గొలుసుతో చాసిస్‌కు కట్టించినారు. "ఇంగ టైర్లు కూడా అరగవులే వరదా, గమ్మున తోలు" అన్నారు. తమ తనిఖీ నాడు మాత్రం గొలుసు విప్పి, పాత సంచులకే అతుకులు వేయించి, గాలి పట్టించి, తానే తోలుకొని వచ్చి తమకు చూపించినారు. తిరిగి వచ్చిన వెంటనే మళ్ళీ కట్టించినారు.

4. నిన్న శనివారం కుప్పం నుండి నిండు బండితో వచ్చుచుండగా తుంపర పడుచున్నది. వి.కోట దాటిన తరువాత ఒక దిగుడులో, బరువంతా మోయుచున్న చక్రాలలో ఎడమ వైపు టైరు పగిలిపోయినది. పక్కది కూడా వెంటనే పోయినది. బ్రేకు తొక్కితే బండి నిలువలేదు. తోక తిప్పుకొని రోడ్డుకు అడ్డం పడినది. ఎదురుగా టమోటా బండి. ఆ డ్రైవరు ఎవరి బిడ్డో గానీ, తన బండిని చేనులోకి దించి మమ్మల్ని బ్రతికించినాడు. మా బస్సు మట్టి గట్టుకు ఆనుకొని నిలిచినది. వెనుక సీటులోని రెడ్డెమ్మకు చెయ్యి విరిగినది. మంగమ్మ నా పేరు పెట్టి పిలిచింది. పెళ్ళి అయిన నాటి నుండి ఆమె నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు.

5. ఈ దినం ఆదివారం యజమాని పగిలిన టైర్లు మార్పించినారు. గొలుసు మాత్రం విప్పలేదు. చక్రాలు దించితేనే తోలుతానని చెప్పితిని. "నువ్వు గాకపోతే ఇంగొకడు. కుప్పం నుంచి లారీ డ్రైవరు వస్తాండాడు, రేపు వాడు తోలతాడు" అన్నారు. అయ్యా, ఉద్యోగం పోయినందుకు కాదు నా ఏడుపు. నేనైతే ఆ బండి రోగం ఎరిగి, దిగుళ్ళలో నెమ్మదిగా, చిన్న గేరులో దించుకొని వచ్చేవాడిని. ఆ వచ్చేవాడికి ఏమి తెలుసు?

6. ఇంటికి వచ్చి మంగమ్మను రేపు పోవద్దన్నాను. "పోకుంటే నా మిషన్ ఇంగొకరికి ఇచ్చేస్తారు. సరే, నేను నిలబడిపోతాననుకో. తక్కినోళ్ళు మనుషులు కాదా? వాళ్ళకు మొగుళ్ళు లేరా?" అన్నది. అందుకే కాగితం తీసుకున్నాను.

7. బండిని తుక్కుకు పంపమని నేను కోరడం లేదు. అది లేకుంటే ఈ ఆడవాళ్ళకు పనికి పోయే దారి లేదు. ఆ చక్రాలను నేల మీదికి దించి, గాలి సంచులు మార్పించి, బ్రేకులు సరిచేయించిన పిమ్మటనే కదలనివ్వవలెనని, అంతవరకు తమ చేతితో ఆపవలెనని ప్రార్థన. ఒక్కసారి బండి కిందికి వంగి చూడండి. అంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు.

నా మొరను దయతో చిత్తగించవలెను.

తమ రాకకు ఎదురుచూచు విధేయుడు,
వరదరాజులు

తా.క.: ఇది సోమవారం ఉదయం రాస్తున్నాను. అర్జీ తమ చేతికే ఇద్దామని మదనపల్లెకు బయలుదేరి, అంతలోగా బండి దాటిపోతుందని పుంగనూరు బస్సు స్టాపు దగ్గరే నిలబడిపోయినాను. బండి వచ్చింది. ఎదురుగా పోయి నిలబడినాను. కొత్త డ్రైవరు చంద్రశేఖర్ దిగి, "ఏమప్పా, సావాలనుండావా?" అన్నాడు. "చావకూడదనే నిలబడినా, కింద చూడు" అన్నాను. ఫోను లైటు వేసుకొని బండి కిందికి దూరినాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "నాకు ఈ మాట ఎవురూ చెప్పలేదన్నా" అని రోడ్డు పక్కన కూర్చున్నాడు.

మదనపల్లెలో ఎక్కిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగినారు. మంగమ్మ బండి ఎక్కనే లేదు. ఈ వారం పని పోయినట్టేనని కొందరు ఏడుస్తున్నారు. నన్ను తిట్టేవాళ్ళూ ఉన్నారు. యజమాని ఇంకొక డ్రైవరును, పోలీసులను తీసుకొని వస్తాండానని ఫోను చేసినాడు. ఈ కాగితాన్ని రెడ్డెమ్మ పెనిమిటి మోటారు సైకిల్ మీద తమ దగ్గరికి తెస్తున్నాడు. ఆయన వెనకే కూర్చొని వచ్చేయండి సార్. వాళ్ళు ముందు వస్తే మమ్మల్ని పక్కకు లాగేసి బండిని పంపించేస్తారు. తిట్టినోళ్ళతో సహా ఆడోళ్ళంతా చక్రాలకు అడ్డంగా కూర్చోనుండారు. ఎండ ఎక్కతాంది. జాగు చేయకుండా బిన్నా రాండి సార్.