నూటెనిమిది ప్రదక్షిణలు

భద్రాచలం,
4-5-1989

ప్రియమైన సక్రి అక్కకు,

క్షేమంగా చేరాను. ఈ వాలీబాల్ క్యాంపులో ఇరవై నలుగురం ఉన్నాం. పదిహేనో తేదీన పన్నెండు మందిని జిల్లా జట్టుకు ఎంపిక చేస్తారు. అందులో ఉంటేనే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, లేకుంటే నా చదువు పదితో ఆగినట్టే.

తండాలో మెలికపడిన చీలమండ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. ఎగిరి దిగినప్పుడల్లా కలుక్కుమంటోంది. మా కోచ్ సారు చూసి, "ఎంపిక ముందటి ఆదివారం ఎవరూ తిరగొద్దు. కాళ్లు దిండు మీద పెట్టి పండుకోవాలె, ఆటెంతనో ఇది గూడ గంతే" అన్నారు. పిల్లలంతా పర్ణశాల పోదామని గుసగుసలాడుతున్నారు. నాకూ ప్రాణం లాగుతోంది, అయినా మంచం దిగను. అమ్మ దగ్గు ఎలా ఉంది?

ప్రేమతో,
నీ సోమ్లి

కుసుమంచి,
8-5-1989

ముద్దుల చెల్లి సోమ్లికి,

అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోతుంటే రాస్తున్నాను. నీ అరికాళ్లలో చక్రాలున్నాయని నాకు తెలుసు. పర్ణశాల ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు నేనే చూపిస్తాను. ఇప్పుడు తిరిగావంటే ఊరుకోను.

ఒక్క పని మాత్రం కాదనకు. అమ్మ దగ్గు తగ్గితే మన ఇంటి మనిషి చేత రాముడి గుడి చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేయిస్తానని మొక్కాను. తగ్గింది. మొక్కు ఆలస్యం చేయకూడదు, ఈ ఆదివారమే తీర్చెయ్. దేవుడి పని తిరుగుడు కిందికి రాదు.

ఆశీస్సులతో,
అక్క సక్రి

భద్రాచలం,
16-5-1989

ప్రియమైన అక్కకు,

మొక్కు తీరింది. ఎనభై దాటాక కాలు ఈడ్చుకుంటూ, కాలే రాళ్ల మీద గోడ పట్టుకుని పూర్తి చేశాను.

నిన్న ఎంపికలో రెండోసారి ఎగరగానే కూలబడ్డాను. సారు వాపు చూసి, "నిన్న యాడికి పోయినవ్?" అని అడిగారు. పర్ణశాలకు అన్నాను. మొక్కు సంగతి చెబితే నిన్ను తిడతారు, అది నేను వినలేను. ఆయన నా పేరు కొట్టేశారు. అక్కా, పర్ణశాల ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలియదు. చాలా దుఃఖంగా ఉంది. అమ్మ బాగుంది కదా, అదే చాలు. నడవలేను, వచ్చి తీసుకుపో.

నీ సోమ్లి

కుసుమంచి,
20-5-1989

నా తల్లీ, సోమ్లీ,

అమ్మ దగ్గు ఎప్పటిలాగే ఉంది. ఆ మొక్కు అమ్మ కోసం కాదు. నీ చీలమండ వాచి నువ్వు మంచాన పడ్డప్పుడు, "దీని కాలు బాగై క్యాంపుకు పోతె చాలు సామీ" అని మొక్కాను. నీ కాలి కోసమంటే నవ్వేసి ఊరుకుంటావు, అమ్మ పేరు చెబితే కాదనవని అబద్ధం రాశాను. ఏ కాలి కోసం మొక్కానో ఆ కాలితోనే తీర్పించాను. దేవుణ్ణి ఏమీ అనను, బుద్ధి లేనిది నాకు.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక ముందుగా రాస్తున్నాను. మంగళవారం వస్తాను. మొదట సారు దగ్గరికే పోతాను. ఆయన నీ పేరు మళ్లీ రాయకపోవచ్చు, కానీ నువ్వు పర్ణశాలకు పోలేదని ఆయనకు తెలియాలి.

నేను వచ్చేదాకా మంచం దిగకు. ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, దిగకు.

నీ అక్క,
సక్రి