చెంబులో లిల్లీ నీళ్లు

బిలాస్‌పూర్, బుధవారం

అత్తయ్యగారికి నమస్కారం. మేం కులాసా, మీ పిల్లి సింగారికే బాగాలేదు. ఫోనులో మీకు వినబడదు, ఇది అరిచి చెప్పే మాట కాదు.

మీ అబ్బాయి రిటైరైనప్పుడు రైల్వే షెడ్డువాళ్లిచ్చిన బొకేని మీరొచ్చి చూసేదాకా పారేయొద్దన్నారని, మామయ్యగారి ఫొటో ముందు ఇత్తడి చెంబులో నీళ్లు పోసి పెట్టాను. నిన్న సింగారి ఆ నీళ్లు తాగేసింది. సాయంత్రం నుంచి ఒకటే వాంతులు. అవి దండల్లో కట్టే లిల్లీలు కావు, పెద్ద లిల్లీలట, పిల్లులకి ఆకూ నీళ్లూ కూడా విషమేనట. పశువుల డాక్టరు సెలైను పెట్టి, కిడ్నీల సంగతి రేపటిదాకా చెప్పలేనన్నాడు. మూత్రం పోస్తే ఆశ ఉందట.

మీరు కంగారుపడి రైలెక్కకండి. బాలింత మనవరాలికి పథ్యం సరిగ్గా పెడుతున్నారా? బొబ్బిలిలో మీరున్న వదినగారింట్లోనూ పిల్లి ఉంది. పురిటిబిడ్డని చూడ్డానికి ఎవరైనా ఇలాంటి బొకే తెస్తే గుమ్మంలోనే ఆపండి.

పూలు పారేశాను, తిట్టినా సరే. సన్మానంలో కంటతడి పెట్టని మీ అబ్బాయి పొద్దుట్నుంచి సింగారి ఇసుక తొట్టె ముందు పీటేసుకుని కూర్చున్నారు. "ఏటే తల్లీ, కాసిన్ని పొయ్యవే" అని బతిమాలుతూనే ఉన్నారు.

చంటిదానికి ముద్దులు. మీ ఇలవేల్పుకి మా అందరి తరఫునా ఒక దణ్ణం పెట్టండి.

మీ కోడలు
జ్యోతిర్మయి