నీలం తెర నింద

ఆగస్టు 9

చెల్లాయికి,

అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు పైన కనిపిస్తూనే ఉంటుంది. మీరు ఇల్లు మారి ఇన్నాళ్ళయినా ఒక్కసారి కూడా మీ కుశలం అడగని దాన్ని, ఆ మాట ఏ మొహం పెట్టుకుని రాయను? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావగారికి నడుంనొప్పి తగ్గింది. బుజ్జికి ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని మా చెవులకు చిల్లులు పొడుస్తోంది. మరిదికి కొత్త షిఫ్టు అలవాటైందా? మీ ఇంటికి గాలీ వెలుతురూ బాగానే వస్తున్నాయా?

ఫోను చేయక ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో అయితే నేను సగం చెప్పకముందే నువ్వు "పర్లేదులే అక్కా" అనేస్తావు. నేనూ హమ్మయ్య అనుకుని పెట్టేస్తాను. అందుకే నువ్వు అడ్డురాలేని చోట చెబుతున్నాను.

కంప్యూటర్ సంగతి తేలింది. తప్పు నీది కాదు.

మీరు మా ఇంటికొచ్చిన కొత్తల్లో ఎంత బాగుండేది! హాల్లో కిటికీ పక్కన బల్ల పగలంతా నాది, సాయంత్రం నీది. నేను ప్రెస్సువాళ్ళ పుస్తకాలకు పేజీలు పెట్టుకునేదాన్ని. నువ్వు వీడియోలో పిల్లలకు లెక్కలు చెప్పేదానివి. భిన్నాలు చెప్పడానికి కెమెరా ముందే యాపిల్ పండు కోసేదానివి. క్లాసు అయ్యేసరికి సగమూ పావూ అన్నీ బుజ్జి కడుపులోకి పోయేవి.

ఒక సాయంత్రం నీ క్లాసు మధ్యలో తెర మొత్తం నీలంగా అయిపోయింది. ఒక ఏడుపు మొహం బొమ్మ, దాని కింద నాకూ నీకూ అర్థంకాని ఏవో అక్షరాలు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. నా పేజీల ఫైలు వెనకాల తెరిచే ఉంది. పొద్దుటి నుంచి చేసిన పనిలో సగం గాల్లో కలిసిపోయింది. నువ్వు బిక్కమొహం వేసుకుని "నేనేం చెయ్యలేదక్కా, దానంతటదే ఆగిపోయింది" అన్నావు. "దానంతటదే ఎందుకు ఆగుతుంది?" అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది నేను. నీ నెత్తిన పడేసి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత దానికి ఒక పద్ధతంటూ లేదు. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండేది. ఉన్నట్టుండి ఒకే సాయంత్రం రెండుసార్లు కుప్పకూలేది. తెర మీద చెప్పే కారణం కూడా ఎప్పటికప్పుడు మారిపోయేది. మారనిది ఒకటే, ఎక్కువసార్లు నువ్వు కూర్చున్నప్పుడే వచ్చేది. ఇంకేం కావాలి నాకు? నీ కెమెరా వల్లేమోనని అది తీయించాను. పాపం, మొహం కనబడకుండా గొంతుతోనే భిన్నాలు చెప్పావు. అయినా ఆగలేదు. నువ్వేదో వైరస్ ఎక్కించావని, అంతా తుడిచేసి విండోస్ మళ్ళీ వేశాను. నీ పాఠాల రికార్డింగులు అందులో పోతాయని తెలుసు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. నువ్వు వచ్చి ఆ ఫోల్డరు కోసం కాసేపు వెతుక్కుని లేచిపోయావు. విండోస్ వేశాక కూడా నీలం తెర వచ్చింది. అప్పటికైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు.

పాఠ్యపుస్తకం ఆలస్యమైందని ప్రెస్సు యజమాని ఆ పని నా చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. భోజనాల దగ్గర, అందరూ ఉండగా, నీ వంకే చూస్తూ, "తిండిపెట్టే పనిని ఇలా చెడగొట్టుకుంటూ పోతే రేపు అందరం కలిసి గాలి భోంచేద్దాం" అన్నాను. నీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మీ బావగారు నీళ్ళ గ్లాసు ఎత్తి ఎంతసేపటికీ దించలేదు. ఇకమీదట ఆ బల్ల దగ్గరికి రావద్దని కూడా నేనే అన్నాను.

మర్నాటి నుంచి నువ్వు మెట్ల మీద కూర్చుని, ఫోనును గోడకు ఆనించి, ఒళ్ళో పలక పెట్టుకుని పాఠం చెప్పేదానివి. పై అంతస్తు వాళ్ళు దిగినప్పుడల్లా "ఒక్క నిమిషం పిల్లలూ" అంటూ లేచి దారి ఇచ్చేదానివి. నేను బట్టల బుట్ట పట్టుకుని నీ పక్కనుంచే ఎక్కేదాన్ని. నాకు కూడా అలాగే దారి ఇచ్చావు. ఆ తర్వాతే కదా మీరు వేరే ఇల్లు చూసుకున్నది.

అసలు జరిగింది చెబుతాను. మీరు వెళ్ళాక తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. దుమ్ము దులిపాను. ఫ్యాను తిరుగుతోందా లేదా చూశాను. ప్లగ్గు వేరే చోట పెట్టాను. చివరికి మెమరీ పరీక్ష పెట్టాను. రెండు ర్యామ్ ముక్కలూ ఉంచితే తెర నిండా తప్పులు చూపించే ఎర్ర గీతలు. మొదటిది ఒక్కటే ఉంచితే ఒక్క గీత లేదు. రెండోది ఒక్కటే ఉంచితే మళ్ళీ ఎరుపే.

ఆ రెండోది ఎవరు పెట్టారనుకున్నావు? నేనే. పేజీలు త్వరగా తెరుచుకుంటాయని పాత సామాన్ల కొట్లో కొని, మీరు రావడానికి కాస్త ముందే, మీ బావగారికి కూడా చెప్పకుండా బిగించాను. అందులో ఒక మూల పాడైపోయి ఉంది. పని తక్కువగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఆ మూలదాకా పోదు. నా పేజీలన్నీ తెరిచి ఉండగా పైన నీ వీడియో కూడా మొదలైతే, చోటు చాలక అక్కడికి పోయేది, పోగానే పడిపోయేది. అందుకే నువ్వు కూర్చున్నప్పుడే వచ్చేది. లేచేటప్పుడు నా ఫైళ్ళు నేను మూసుకుని ఉంటే నీ క్లాసు చాలాసార్లు సాఫీగా సాగిపోయేది.

నీ రికార్డింగులు తిరిగి తేలేను. నీ దగ్గర మానేసిన పిల్లల అమ్మలకు మాత్రం ఫోన్లు చేసి, లోపం మా కంప్యూటర్‌ది, టీచరుది కాదని చెప్పాను. ఒకావిడ మళ్ళీ పంపిస్తానంది. ఇంకొకావిడ, "ఆ మాట అప్పుడే చెప్పాల్సింది కదండీ" అని పెట్టేసింది. నన్ను క్షమించు. క్షమించలేకపోతే, అది కూడా న్యాయమే.

ఇట్లు,
నువ్వు అక్కా అని పిలిచిన మనిషి

తా.క.: కవరు అంటించే ముందు మీ బావగారికి చదవమని ఇచ్చాను. చదివి, కళ్ళద్దాలు తీసి, "తప్పు ఒప్పుకోవాలంటే ఎంత పెద్ద మనసుండాలి!" అన్నారు. ఆ మాట విన్నాక కవరు అంటించలేకపోయాను.

పైన ఒక అబద్ధం రాశాను. ఈ సంగతి నాకు తెలిసింది మీరు వెళ్ళాక కాదు. మీరు సామాన్లు కట్టుకుంటున్న వారంలోనే, మీరిద్దరూ ఆ కొత్త ఇంటికి రంగులు వేయడం చూసి రావడానికి వెళ్ళిన పూట, పరీక్ష పెట్టాను. పాడైన ముక్క తీసేశాను. అది లేనన్నాళ్ళూ కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

మీరు వెళ్ళే ముందురోజు మరిది నా దగ్గరికొచ్చి, "వదినా, ఇప్పుడు బాగానే పనిచేస్తున్నట్టుంది కదా. మేం ఇక్కడే ఉండిపోతే మీకు ఇబ్బందా? ఆ ఇంటివాళ్ళకు వద్దని చెప్పేస్తాను" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. అతను అటు వెళ్ళగానే మూత విప్పి ఆ ముక్కను మళ్ళీ బిగించాను. పేజీలన్నీ తెరిచిపెట్టాను. నీ కెమెరా నా చేత్తోనే తగిలించి, "ఈ పూట క్లాసు ఇక్కడే చెప్పుకో" అని నిన్ను పిలిచాను. ఎంత సంబరంగా వచ్చావు! జడ వేసుకుని మరీ వచ్చి కూర్చున్నావు. కాసేపటికే తెర నీలమైంది. నువ్వే లేచి, "ఇంక వద్దు, వెళ్ళిపోదాం పదండి" అని మరిదితో అన్నావు.

మీరు వెళ్తారని తెలిసినప్పటి నుంచీ ఈ ఇల్లు మళ్ళీ నాదేనని మనసులో సర్దేసుకున్నాను. మీ గదిలో నా బల్ల పడుతుందా లేదా అని కొలిచి కూడా చూసుకున్నాను. ఇంకా అసలైనది, బడి నుంచి రాగానే బుజ్జి నన్ను దాటుకుని పిన్నీ అంటూ నీ దగ్గరికి పరుగెత్తడం చూడలేకపోయాను.

ఇది మీ బావగారికి ఇంకా తెలియదు. ముందు నీకు తెలియాలి. పోస్టులో వేసి వచ్చి ఆయనకు చెబుతాను. మరిదికి నువ్వు చెప్పలేకపోతే నేనే వచ్చి చెబుతాను. లోపలికి రమ్మనక్కర్లేదు. గుమ్మంలో నిలబెట్టే వినమను.