ముగ్గురు డాక్టర్లు, ఒక్క బాలమణి గారు

లాల్‌దర్వాజా,
హైదరాబాదు.

అక్కకు, చెల్లెలు సునంద నమస్కరించి రాసేది.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మీ అత్తగారి దగ్గు తగ్గిందా? రోజూ ఫోనులో మాట్లాడుకుంటుంటే ఉత్తరమెందుకని నవ్వుకోకు. నువ్వు "తిన్నావా" అంటావు, నేను "ఆ" అంటాను. ఈ నెలలో జరిగినదంతా ఆ "ఆ"లో పట్టదు.

ఇక్కడ ముసురు పట్టింది. బట్టలు ఆరడం లేదు. జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను గానీ ఇంకా గుండ్రంగా రావడం లేదు. మొఘల్‌పురాలో మా ఆసుపత్రిలో నేను చూసే రోగుల ఉర్దూ ఇప్పుడు బాగానే అర్థమవుతోంది. నేను మాట్లాడితే మాత్రం ముసలమ్మలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆదివారాలు కాస్త దిగులుగా ఉంటుంది. అంతకుమించి ఏమీ లేదు, బెంగపడకు.

మా ఇంటావిడ బాలమణి గారి గురించి చెప్పాలి. కింద వాటాలో ఉంటారు, వెనక కొట్టంలో బర్రెలు. భర్త పోయాక ఆ పాల మీదే కొడుకును పెంచారు. నేను దిగిన మొదటి వారం ఇంట్లో పొయ్యి వెలగలేదని పసిగట్టి, అడక్కుండానే అన్నం పంపిన మనిషి. ఆవిడకు షుగరు ఉంది. గుండె బలహీనం, కిడ్నీలు సగం పనిచేస్తున్నాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ముగ్గురు డాక్టర్ల దగ్గర మందులు వాడుతున్నారు.

ముసురు మొదలైన రోజుల్లో ఆవిడ కాళ్ళు వాచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె డాక్టరు నీరు తీసే మాత్ర పెంచమన్నాడు. రక్తపరీక్ష చూసి కిడ్నీ డాక్టరు అదే మాత్ర తగ్గించమన్నాడు. ఇద్దరూ చదువు ప్రకారం సరిగ్గానే చెప్పారు. చిక్కేమిటంటే, ఇద్దరూ చెప్పింది ఒకే మనిషికి.

"ఎవలి మాట ఇనాలె బిడ్డా? ఒకలు పెంచమంటరు, ఒకలు తగ్గించమంటరు. నేనైతే రెండు దినాలు అసలే ఏస్కోలే" అన్నారు బాలమణి గారు.

నాకు భయమేసి ఆవిడను మా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఒక్కో జబ్బుకు వైద్యం ఎలా చేయాలో పెద్దలు రాసిన నియమాలన్నీ అందులో ఉంటాయి. రోగి జబ్బులూ, మందులూ, పరీక్షలూ ఇస్తే ఏ నియమం దేనితో తగువు పడుతోందో, ఆ తగువు ఎక్కడ తీరుతుందో చూపిస్తుంది. అన్నీ ఎక్కించాను. గుండె, కిడ్నీల తగువు చూపించి, దాని కింద ఇంకొకటి చూపించింది. ఎముకల డాక్టరు ఎప్పుడో రాసిన నొప్పి బిళ్ళ. అది ఒంట్లో నీరు నిలుపుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ముందు దాన్ని ఆపితే మిగతా ఇద్దరి పేచీ చాలావరకు సర్దుకుంటుందని దాని సలహా. నియమాలు తెరిచి నేనూ చదివాను. నిజమే. ఆ బిళ్ళ ఆవిడ మందుల షాపులో కొనుక్కుంటూనే ఉన్నారని గుండె డాక్టరుకు తెలియనే తెలియదు.

తేలిపోయిందనుకున్నాను, అక్కా. తేలలేదు.

"గా గోలి బంద్ చేస్తే నేను బర్ల కాడ కూసోలేను. కూసుంటే లేవలేను. గట్ల బతికుండి ఏం జేయాలె?" అన్నారావిడ. కొడుకు యాదగిరి పక్కనే ఉన్నాడు. "కంప్యూటర్ మాట ఇని పెద్ద డాక్టర్లది కాదంటే, రేపు ఏమన్నయితే జిమ్మేదారి ఎవలది మేడం?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నాదేనన్నాను.

మా పెద్ద డాక్టరు గారికి చెప్తే, కంప్యూటరు చెప్పిందని ఎక్కడా రాయవద్దన్నారు. నేను చదివి ఒప్పుకున్నదే రాయాలట. మళ్ళీ మొదటినుంచీ చూశాను. రోగికి అన్నిటికన్నా ఏది ముఖ్యమో రాయమని అందులో ఒకచోట అడుగుతుంది. దాన్ని నేను ఖాళీగా వదిలేశాను. ఈసారి ఆవిడనే అడిగి, "పొద్దున్నే తన చేత్తో పాలు పితకాలి" అని రాశాను. అది చూపే సలహాల వరుస మారింది. షుగరును మరీ కట్టడి చేయడం కిందికి వెళ్ళి, మోకాళ్ళ నొప్పి పైకొచ్చింది. ఆ బిళ్ళ బదులు కిడ్నీలకు హాని లేని నొప్పి మందు, పూత మందు, కాళ్ళకు వ్యాయామం. నీటి మాత్ర పెంచకుండా, తగ్గించకుండా అలాగే ఉంచి వారం వారం పరీక్ష. ఆ మాత్రను వాడిక ఇళ్ళకు పాలు పోసి వచ్చాక వేసుకోవడం మాత్రం నా ఆలోచన. దారిలో బాత్రూములు లేక ఆవిడ తరచూ దాన్ని మానేసేవారట.

ఇక ఇద్దరు డాక్టర్ల వెంటపడ్డాను. గుండె డాక్టరు మొదటిసారి మాట మధ్యలో ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేశాను, విసుక్కున్నాడు. ఆసుపత్రికెళ్ళి ఆయన గది ముందు కూర్చున్నాను. కాగితాలు చదివి, నొప్పి బిళ్ళ దగ్గర ఆగి, కిడ్నీ డాక్టరుకు ఆయనే ఫోను కలిపాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. బాలమణి గారూ సరేనని ఆ బిళ్ళ ఆపారు.

మొదటి వారం బాలమణి గారు నొప్పితో నాతో మాట్లాడలేదు. పాలు మాత్రం పంపారు. యాదగిరి ఎత్తైన పీట చేయించాడు. నెమ్మదిగా వాపు తీసింది, ఆయాసం తగ్గింది, కిడ్నీ పరీక్ష కొంత మెరుగైంది. మోకాళ్ళు మాత్రం మునుపటిలా లేవు. సగం బర్రెలను కోడలికి వదిలేశారు. అందుకు ఆవిడ మనసు కష్టపెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. అయితే నిన్న నన్ను కొట్టంలోకి పిలిచి, పీట మీద కూర్చుని పితుకుతూ, "ముగ్గురు చూసిండ్రు బిడ్డా, నా రోగాలను చూసిండ్రు. నువ్వు నన్ను అడిగినవ్" అన్నారు.

పత్తర్‌గట్టిలో చిన్నదానికి గౌను గుడ్డ తీశాను, ఈ వారమే పంపుతాను. నువ్వు పండుమిరప పచ్చడి పంపు. బావగారు షుగరు, బీపీ మాత్రలతో నడుంనొప్పికి ఏం వేసుకుంటున్నారో ఆ అట్టలన్నీ ఫోటో తీసి పెట్టు. ఆయన వద్దన్నా తియ్యి.

ఇంకొక మాట. ఏడాది కాగానే తెనాలి వచ్చి అక్కడి నర్సింగ్ హోములో చేరతానన్నాను కదా. రావడం లేదు. మా ఓపీలో బాలమణి గారి లాంటివాళ్ళు రోజూ వస్తున్నారు. వాళ్ళ మందుల తగువులు తీర్చే పని చూసుకోమని పెద్ద డాక్టరు గారు అడిగితే సరేనన్నాను. నాన్నగారికి నేనే రాస్తాను. నువ్వు ముందుగా చెప్పి ఆయన్ని మెత్తబరచవద్దు.

మీ అత్తగారికీ, బావగారికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. పెద్దదానివి, ఈ పనిలో నిలబడమని నన్ను దీవించు.

నీ చెల్లెలు,
సునంద