ప్రార్థనలో రాని మాట

శనివారం రాత్రి, జూలై 1982
నీస్, ఫ్రాన్స్

పారిస్‌లో విమానం మారి మధ్యాహ్నానికి ఇక్కడ దిగాం. అద్దె గది కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం. ఎన్నేళ్లుగానో అనుకున్న సెలవు. అయినా నిద్ర పట్టడం లేదు.

అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి రైస్ కుక్కర్ మోసుకొచ్చాను. సాయంత్రం బియ్యం కడిగి పెడితే మావారు ఇక్కడి సాకెట్‌కి సరిపోయే అడాప్టర్‌తో ప్లగ్ తగిలించి స్విచ్ వేశారు. ఫట్‌మని శబ్దం, పొగ, కమురు వాసన. ఇక్కడి కరెంటు అమెరికా కరెంటుకి రెండింతలట.

“డాడీ, యూ ఆర్ ఎన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్!” అని గ్రేస్ పడీపడీ నవ్వింది.

“చూసుకోలేదమ్మా” అన్నారాయన, నవ్వకుండా.

కార్ల కంపెనీలో వైరింగ్ డిజైన్ చేసే మనిషి, ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆఫ్ చేసే మనిషి, చూసుకోకపోవడమేమిటి? ఈ సెలవు కూడా ఉన్నట్టుండి ఆయనే బుక్ చేశారు. “మీ డిపార్ట్‌మెంట్‌లో లేఆఫ్స్ అంటున్నారు, ఇప్పుడెందుకండీ?” అంటే, “ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ ఎప్పటికో” అన్నారు. అప్పుడు ఆ మాటకి మురిసిపోయాను కూడా.

చివరికి రొట్టె, ఆవకాయ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ప్రార్థన చేశారు. ప్రయాణంలో కాపాడినందుకు, రొట్టెకి, బిడ్డకి, ఆఖరికి సముద్రానికి కూడా స్తోత్రం చెప్పారు. పెళ్లయినప్పటి నుంచి ఏ పూటా మరవని మాట ఒకటుంది: “నాకిచ్చిన ఉద్యోగాన్ని బట్టి స్తోత్రం ప్రభువా.” కళ్లు మూసుకుని దానికోసమే ఎదురుచూశాను. రాలేదు.

గ్రేస్ ఆమెన్ అంది. ఆయనా అన్నారు.

నేనింకా అనలేదు.