అతికించిన చప్పట్లు

అన్నయ్యకు,

మొన్న రేడియోలో నీ మాటలు విన్నాను. రాక్ పాటల్లో శ్రోతలు ఎక్కువగా ఇష్టపడిన లైవ్ ఆల్బం నీదేనట, సంతోషం. రికార్డింగ్ ఎవరు చేశారని అడిగితే, "మా చెల్లెలు కూర్చుని బటన్ నొక్కింది, అంతే" అని నవ్వావు. నోరు జారావని సరిపెట్టుకుందామనుకున్నాను. ఆ నవ్వే మింగుడుపడలేదు.

ఆ ఆల్బం కోసం నీ కచేరీ రికార్డు చేసిన సాయంత్రం, మూడో పాటలో నువ్వు చరణం మర్చిపోయావు. గిటారు శ్రుతి తప్పింది. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచి వెళ్లిపోయారు. నీకన్నా ముందు వాయించిన కంట్రీ పాటల బ్యాండుకు పడిన చప్పట్లున్న టేపు ముక్కలను బ్లేడుతో కోసి, పదకొండు రోజులు కూర్చుని నీ టేపు నకలులో పాటల చివర అతికించింది నేను. ఇన్నేళ్లూ ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాను.

ఇప్పుడు ఆల్బం మళ్లీ విడుదల చేస్తూ, ఏమీ కలపకుండా జరిగింది జరిగినట్టే వేస్తామని కంపెనీవాళ్లు నా బీరువాలోని అసలు టేపు అడిగారు. నిన్న పంపించేశాను.

ఒక్కటి మాత్రం మార్చాను. అందులో మూడో పాట అయ్యాక ఒకే ఒక్క మనిషి చప్పట్లు వినిపించేవి. అవి నావి. కోసేశాను.

నీ చెల్లెలు